పాలు కారితే అది క్యాక్టస్ కాదా? క్యాక్టస్‌కీ సక్యులెంట్‌కీ అసలు తేడా ఏమిటి?

మేడమీద_మొక్కలు
నాలుగేళ్లుగా పెంచుతున్న మొక్క ఒకటుంది. మూడు పలకల కాండం, పలకల అంచు వెంట జంటజంటగా ముళ్లు, పైభాగంలో గోరంత ఆకులు. కొన్నప్పుడు లేబుల్ మీద క్యాక్టస్ అని రాసుంది, నేనూ అలాగే పిలుస్తున్నాను. ఒక పక్కకి ఒరిగిపోతోందని మొన్న పై కొమ్మ కోశాను. కోసిన చోట తెల్లటి పాలు బొటబొటా కారాయి. నీళ్లతో చేతులు కడుక్కుని వేరే పనిలో పడ్డాను. కాసేపయ్యాక అలవాటుగా కన్ను నులుముకున్నాను. అంతే, కంట్లో కారం కొట్టినట్టయింది. ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు కంటి డాక్టరు దగ్గరికి పరిగెత్తాను. ఇప్పుడు తగ్గింది.

ఆవిడ ఏ మొక్క అని అడిగితే క్యాక్టస్ అన్నాను. ఫొటో చూపిస్తే తెలిసినవాళ్లు తలో మాటా అన్నారు. ఒకరు "ఇది క్యాక్టస్ కాదు, సక్యులెంట్" అన్నారు. ఇంకొకరు "క్యాక్టస్ కూడా సక్యులెంటే కదా" అన్నారు. మరొకాయన "ముళ్లుంటే క్యాక్టస్, లేకపోతే సక్యులెంట్, ఇందులో ఏముంది" అన్నారు. ముగ్గురూ గట్టిగానే చెప్పారు. నా దగ్గర 14 కుండీలున్నాయి. ఏది ఏదో తెలియకుండా ముట్టుకోవాలంటే టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

కుండీల_పిచ్చి
కన్ను పూర్తిగా తగ్గిందా? చూపు మసకగా ఏమైనా ఉందా? ఉంటే మళ్లీ చూపించుకోండి, ఈ పాలతో ఆషామాషీ కాదు.

మేడమీద_మొక్కలు
లేదండీ, బాగానే ఉంది. ఎరుపు కూడా పోయింది.

ముళ్లపొద
ఆ మూడో ఆయన చెప్పిందే నిజం. ముల్లు ఉంటే క్యాక్టస్. ఇరవై ఏళ్లుగా ఇదే లెక్కన పెంచుతున్నాను, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

రాతిపువ్వు
ముళ్లపొద గారూ, ఆ లెక్కన గులాబీ కూడా క్యాక్టసే. కలబంద ఆకు అంచున పళ్లలా ముళ్లుంటాయి, అది క్యాక్టస్ కాదు. ఇటు బ్రహ్మకమలానికి ఒక్క ముల్లూ ఉండదు, అది అచ్చమైన క్యాక్టస్.

ముళ్లపొద
బ్రహ్మకమలం క్యాక్టసా? వెడల్పాటి ఆకులున్న మొక్క అది. ఇదెక్కడి మాట!

రాతిపువ్వు
అవి ఆకులు కావండీ. చదునుగా మారిన కాండం. గమనించారా, పువ్వు సరిగ్గా ఆ "ఆకు" అంచున గంటు పడిన చోటు నుంచే వస్తుంది. మామూలు ఆకు అంచున పువ్వు పూయడం ఎక్కడైనా చూశారా? ఆ గంటులోనే క్యాక్టస్ గుర్తు దాగి ఉంది. (కొండల మీద పెరిగే అసలు బ్రహ్మకమలం వేరు, అది సాసూరియా. కుండీల్లో రాత్రిపూట పూసేది ఎపిఫిల్లమ్.)

బోటనీ_పాఠం
ఒక్క మాటలో చెప్పాలంటే: క్యాక్టస్ అనేది ఇంటిపేరు, సక్యులెంట్ అనేది అలవాటు.

ఈతగాళ్లు అంటే ఏ ఇంటివాళ్లయినా కావచ్చు. ఫలానా ఇంటిపేరువాళ్లు అంటే మాత్రం ఆ ఇంట్లో పుట్టినవాళ్లే. సక్యులెంట్ అంటే ఆకుల్లోనో, కాండంలోనో, వేళ్లలోనో నీళ్లు దాచుకుని ఎద్దడిని తట్టుకునే మొక్క. వృక్షశాస్త్రంలో అదొక కుటుంబం కాదు. ఒకరికొకరు చుట్టరికం లేని పదుల కొద్దీ కుటుంబాల్లో ఈ అలవాటు విడివిడిగా పుట్టింది. క్యాక్టస్ అంటే కాక్టేసి అనే ఒకే కుటుంబం, అందులో 1,750కి పైగా జాతులున్నాయి. ఆ ఇంట్లో దాదాపు అందరూ ఈత నేర్చినవాళ్లే, అంటే సక్యులెంట్లే. అందుకే "క్యాక్టస్ కూడా సక్యులెంటే" అన్నవాళ్లు తప్పు చెప్పలేదు. "క్యాక్టస్ కాదు, సక్యులెంట్" అన్నవాళ్లు చెప్పింది కూడా తప్పు కాదు, మాట పొదుపుగా వాడారంతే. "క్యాక్టస్ కాని సక్యులెంట్" అనాలి.

ఇక గుర్తుపట్టడం. ముల్లుని చూడకండి, ముల్లు పుట్టే చోటు చూడండి. క్యాక్టస్‌కి ముల్లు మొదట్లో చిన్న దిండు లాంటి బుడిపె ఉంటుంది, చాలావాటికి దాని మీద దూది అంటించినట్టు నూగు ఉంటుంది. దాన్ని ఏరియోల్ అంటారు. నిజానికి అది కురచగా ముడుచుకుపోయిన కొమ్మ. ముళ్లు దాని ఆకులు, మారిపోయిన ఆకులు. ముళ్లు వచ్చినా, పువ్వు వచ్చినా, పక్క కొమ్మ వచ్చినా అక్కడి నుంచే. ప్రపంచంలో మరే కుటుంబానికీ ఈ ఏర్పాటు లేదు. ముళ్లు లేని క్యాక్టస్ ఉంటుంది, ఏరియోల్ లేని క్యాక్టస్ ఉండదు.

మీది చదివితే యుఫోర్బియా ట్రైగోనా అనిపిస్తోంది. జంటముళ్లు, పాలు, చిన్న ఆకులు, అన్నీ సరిపోతున్నాయి. అది మన ఆముదం కుటుంబం.

మేడమీద_మొక్కలు
ఆముదమా!! ముళ్ల మొక్కకీ ఆముదానికీ చుట్టరికమా?

బోటనీ_పాఠం
అవును, యుఫోర్బియేసి. ఒక్క యుఫోర్బియా ప్రజాతిలోనే 2,000 దాకా జాతులున్నాయి. వాటిలో కలుపు మొక్కల్లా నేల మీద పాకేవీ ఉన్నాయి, చెట్లంత పెరిగేవీ ఉన్నాయి. క్రిస్మస్‌కి ఎర్రగా మెరిసే పాయిన్‌సెట్టియా కూడా యుఫోర్బియానే, అది సక్యులెంట్ కూడా కాదు.

మాటలమూట
నాకు తట్టిన సంగతి. తెలుగులో ఈ రెండు కుటుంబాలకీ ఒకే మాట ఉంది, జెముడు. నాగజెముడు ఒపంషియా, అంటే క్యాక్టస్. ఆకుజెముడు యుఫోర్బియా. పెద్దవాళ్లు రూపం చూసి, ముల్లు చూసి పేరు పెట్టారు. అందుకే మనకి ఈ గందరగోళం భాషలోనే ఉంది, లేబుల్ రాసినవాళ్లని మాత్రమే అనలేం.

రాతిపువ్వు
మాటలమూట గారూ, భలే పట్టారు. ఇంకో విచిత్రం, "క్యాక్టస్" అన్న మాట కూడా మొదట ఈ మొక్కలది కాదు. గ్రీకులో కాక్టోస్ అంటే వేరే ఏదో ముళ్ల మొక్క. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో మొక్కలకి పేర్లు పెడుతూ ఆ మాటని అమెరికా ఖండాల నుంచి వచ్చిన వీటికి తగిలించాడు.

ముళ్లపొద
సరే, బ్రహ్మకమలం దగ్గర ఒప్పుకుంటున్నాను. ఇప్పుడే వెళ్లి చూసొచ్చాను, గంటులో సన్నటి నూగు ఉంది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. కానీ ఒక అనుమానం. మామిల్లేరియా అనే క్యాక్టస్‌కి పువ్వు ముల్లు దగ్గర పుయ్యదు కదా, బుడిపెల మధ్య సందులోంచి కిరీటంలా పూస్తుంది. మరి "పువ్వు ఏరియోల్ నుంచే" అన్న మాట ఏమైనట్టు?

బోటనీ_పాఠం
మంచి ప్రశ్న. మామిల్లేరియాలో ఏరియోల్ రెండుగా విడిపోయింది. ముళ్ల భాగం బుడిపె కొన మీద, పువ్వు భాగం బుడిపె మొదట్లో, సందులో. రెండూ కలిసి ఒకటే కింద లెక్క.

ముళ్లపొద
అలాగైతే సరే.

విత్తునుంచి
ఇంకో మెలిక కూడా చెప్పాలి. పాలు కారితే క్యాక్టస్ కాదు అని కూడా గుడ్డిగా పట్టుకోవద్దు. కొన్ని మామిల్లేరియా జాతులకి గుచ్చితే తెల్లటి పాలు వస్తాయి. యుఫోర్బియా పాలలా ఒళ్లు మండించేవి కావు గానీ తెల్లగానే ఉంటాయి. ఒక్క గుర్తుతో తేల్చెయ్యకుండా ముందు ఏరియోల్ చూడాలి, తర్వాత పాలు, తర్వాత పువ్వు. పువ్వు దొరికితే ఇక అనుమానం అక్కర్లేదు. క్యాక్టస్ పువ్వుకి రేకులు పొరలు పొరలుగా, మధ్యలో కుచ్చులా బోలెడు కేసరాలు ఉంటాయి. యుఫోర్బియా పువ్వు గోరు కన్నా చిన్నది, రేకులే ఉండవు. యుఫోర్బియా మిలీకి ఎర్రగా కనిపించే "రేకులు" కూడా రేకులు కావు, రంగు మారిన చిన్న ఆకులు.

ఎండపొడ
నా దగ్గర ఒక జంట ఉంది. ఆస్ట్రోఫైటమ్ ఆస్టీరియాస్, యుఫోర్బియా ఒబీసా. రెండూ గుండ్రంగా బంతిలా, ఎనిమిది పలకలుగా, ముళ్లు లేకుండా ఉంటాయి. ఒకటి మెక్సికో, టెక్సస్ వైపుది, ఇంకోటి దక్షిణాఫ్రికాది. మధ్యలో మహాసముద్రం. ఇంటికొచ్చినవాళ్లు అన్నదమ్ములా అని అడుగుతారు. ఆస్ట్రోఫైటమ్‌కి ప్రతి పలక నడుమా దూది చుక్కలు వరసగా ఉంటాయి, అవే ఏరియోళ్లు. ఒబీసాకి అలాంటివేమీ ఉండవు, నున్నగా గళ్లచీర అద్దినట్టు చారలుంటాయి. ఒబీసాలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. విత్తనం కావాలంటే రెండూ ఉండాలి.

చుట్టరికం లేకపోయినా ఎండ ఒకటే, నీటి కరువు ఒకటే. దానికి దొరికిన జవాబు కూడా ఒకటే అయింది. బంతి ఆకారంలో పై చర్మం తక్కువ, లోపల నీళ్లు ఎక్కువ. నాకైతే మొక్కల లోకంలో ఇంతకంటే ఆశ్చర్యం కలిగించేది మరొకటి లేదు.

కుండీల_పిచ్చి
ఆ రెండు ఫొటోలూ పెడితే కళ్లకద్దుకుంటాం ఎండపొడ గారూ.

చంద్రిక_పెరడు
ఇదంతా తెలుసుకుని ఏం లాభం అనే ప్రశ్న అడగక తప్పడం లేదు, కోపగించుకోకండి. నేను అన్నిటికీ వారానికోసారి గ్లాసుడు నీళ్లు పోస్తాను. బతికేవి బతుకుతున్నాయి. క్యాక్టసో కాదో తెలిస్తే నీళ్లు పోసే పద్ధతి మారుతుందా?

విత్తునుంచి
మారుతుంది చంద్రిక గారూ. "బతికేవి బతుకుతున్నాయి" అన్నారు, మరి పోయినవి ఎన్ని?

చంద్రిక_పెరడు
...ఐదు. లిథాప్స్ మూడు, ఎయోనియమ్ ఒకటి, క్రిస్మస్ క్యాక్టస్ ఒకటి.

విత్తునుంచి
మీరు చెప్పిన మూడూ మూడు రకాలుగా పోయి ఉంటాయి. ఓపిగ్గా చదవండి.

లిథాప్స్‌ది దక్షిణాఫ్రికా, నమీబియా వైపు. రాళ్ల మధ్య రాయిలా కనిపిస్తుంది. ఉండేదే రెండు ఆకులు. ఏటా వాటి మధ్య నుంచి కొత్త జంట పుట్టి, పాత ఆకుల్లోని నీళ్లు తాగి పెరుగుతుంది. పాతవి కాగితంలా ఎండిపోతాయి. ఆ సమయంలో మనం నీళ్లు పోస్తే పాత జంట ఎండదు, కొత్తదానికి చోటు ఉండదు, మొత్తం పగిలి కుళ్లుతుంది. కొత్త జంట బయటపడి, పాత జంట పూర్తిగా ఎండేదాకా చుక్క నీళ్లు పోయకూడదు.

ఎయోనియమ్‌ది ఎక్కువగా కెనరీ దీవుల ప్రాంతం. అది చలికాలంలో పెరిగి, ఎండాకాలం నిద్రపోతుంది. నడి వేసవిలో ఆకులు ముడుచుకుంటే దాహం అనుకుని మనం పోస్తాం, వేడిలో తడి వేళ్లు కుళ్లుతాయి.

క్రిస్మస్ క్యాక్టస్ మాత్రం తిరగబడిన కథ. పేరు క్యాక్టస్ అయినా ఎడారి మొహం చూడలేదు. బ్రెజిల్ ఆగ్నేయ తీరపు కొండల్లో, తేమ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరుగుతుంది. దాన్ని ఇసుకలో పెట్టి మండుటెండలో ఉంచితే ఎర్రబారి వాడిపోతుంది. దానికి వడకట్టిన వెలుగు, ఆకు ఎరువు కలిసిన గుల్ల మట్టి, పూర్తిగా ఎండకముందే నీళ్లు కావాలి.

కాబట్టి "క్యాక్టస్‌కి తక్కువ నీళ్లు, సక్యులెంట్‌కి కొంచెం ఎక్కువ" అనే సూత్రం కూడా నమ్మకండి. కుటుంబం తెలిస్తే సగం పని అయినట్టు. అది ఏ నేల నుంచి వచ్చింది, ఏ కాలంలో పెరుగుతుంది అన్నది మిగతా సగం.

చంద్రిక_పెరడు
క్రిస్మస్ క్యాక్టస్‌ని నిజంగానే ఇసుకలో పెట్టాను. క్యాక్టస్ అన్నారు కదా అని. అమ్మ ఇచ్చిన కొమ్మ అది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రాతిపువ్వు
బాధపడకండి. అమ్మగారి దగ్గర తల్లిమొక్క ఉంటే రెండు మూడు కణుపుల ముక్క తుంచి, రెండు రోజులు నీడలో ఆరనిచ్చి గుచ్చండి. ఇంత తేలిగ్గా బతికేది మరొకటి లేదు.

చంద్రిక_పెరడు
ఉంది. ఆదివారం వెళ్తున్నాను.

పిలకలమ్మ
ఆకు నుంచి మొక్క పుట్టించే సంగతి ఎవరూ చెప్పలేదు. ఎఖెవేరియా, సీడమ్, జేడ్ (క్రాసులా) లాంటివాటికి ఒక్క ఆకు మొదలంటా ఊడదీసి పొడి మట్టి మీద పడేస్తే చాలు, వేళ్లూ బుల్లి మొక్కా వస్తాయి. క్యాక్టస్‌తో ఆ పని కుదరదు, దాదాపు అన్నిటికీ ఆకే ఉండదు కనక. దానికి పిలకో కాండం ముక్కో కావాలి. కోత ఆరి గట్టిపడేదాకా వారం పది రోజులు మట్టి తగలనివ్వకూడదు.

మేడమీద_మొక్కలు
నేను కోసిన యుఫోర్బియా కొమ్మ పారేయకుండా పక్కన పెట్టాను. అది నాటొచ్చా?

పిలకలమ్మ
నాటొచ్చు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు. ముందుగా కోసిన చోట నీళ్లలో ముంచితే పాలు గడ్డకట్టి ఆగుతాయి. తర్వాత నీడలో ఆరబెట్టండి. పనయ్యాక చేతులు, కత్తెర సబ్బుతో రుద్ది కడగాలి. ఆ పాలు జిగురు, ఉత్త నీళ్లకి వదలవు, మొన్న మీకు జరిగింది అదే. పొరపాటున కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు పారే నీళ్లతో కడిగి వెంటనే డాక్టరుకి చూపించాలి. పిల్లలు, పిల్లులు, కుక్కలు తిరిగే చోట ఈ మొక్క పెట్టకండి.

గన్నేరుపువ్వు
ఎడినియమ్ పెంచేవాళ్లకి కూడా ఈ జాగ్రత్త వర్తిస్తుంది. మొదలు లావుగా ఉబ్బి, గులాబీ రంగు పూలు పూసే మొక్క. అందరూ "ఎడారి గులాబీ" అంటారు గానీ గులాబీకి ఏమీ కాదు, గన్నేరుకి దగ్గరి చుట్టం. గన్నేరులాగే రసం విషం. ఆఫ్రికాలో బాణాల కొనలకి పూసేవారు.

కుండీల_పిచ్చి
ముళ్ల విషయానికొస్తే నాగజెముడుని మించింది లేదు. పెద్ద ముళ్లు కాదు, వాటి మొదట్లో గోధుమ రంగు పొడిలా ఉండే నూగు ముళ్లు, గ్లోకిడ్లు అంటారు. వాటికి వెనక్కి తిరిగిన కొక్కేలుంటాయి. ఒకసారి చొక్కా చేతికి అంటుకుని, ఉతికాక కూడా మూడు రోజులు గుచ్చుకుంటూనే ఉన్నాయి. రుద్దితే లోపలికి దిగుతాయి. అంటుకునే టేపు అద్ది లాగితే చాలావరకు వస్తాయి, మిగిలినవి పట్టకారుతో. ఈ గ్లోకిడ్లు ఒపంషియా, దాని దగ్గరి చుట్టాలకే ఉంటాయి, క్యాక్టస్‌లన్నిటికీ కాదు.

పన్నెండేళ్ల_ఎదురుచూపు
కలబంద, కిత్తనార తేడా గురించి కూడా రాయాలి, ఇది నా మనసులో ఉండిపోయింది.

ఎవరో ఇచ్చిన పిలకని "పెద్ద కలబంద" అనుకుని పన్నెండేళ్లు పెంచాను. ఒక ఏడాది నడిమధ్య నుంచి గడకర్రలా కాడ లేచింది. రోజూ కొలిచేవాణ్ని. నెలల్లో నా తల దాటి, మేడ అంచు దాటింది, కొమ్మలు వేసి పూసింది. చుట్టుపక్కలవాళ్లు చూడ్డానికి వచ్చారు. ఆ సంతోషంలో ఉండగానే ఆకులు ఒక్కొక్కటే పసుపెక్కి వాలిపోయాయి. నీళ్లు పోశాను, ఎరువు వేశాను, మందు కొట్టాను. ఏం చేసినా ఆగలేదు. నేనే ఏదో తప్పు చేశానని ఎంత కుమిలిపోయానో.

తర్వాత తెలిసింది, అది కలబంద కాదు, అగేవ్, మన కిత్తనార జాతి. వాటిలో చాలావరకు జీవితంలో ఒక్కసారే పూసి చనిపోతాయి. కలబంద అలా కాదు, ఏటా పూసినా బతికే ఉంటుంది. రెండిటికీ ఆకు విరిచి చూస్తే తేలిపోతుంది. కలబంద ఆకు పుటుక్కున విరిగి లోపల జిగురు కనిపిస్తుంది. అగేవ్ ఆకు విరగదు, నిండా నార. పేరులోనే నార ఉంది, అయినా నాకు తట్టలేదు. కలబందల పుట్టిల్లు ఆఫ్రికా, అరేబియా వైపు, అగేవ్‌లది అమెరికా. రెండూ క్యాక్టస్‌లు కావు.

పిలకలమ్మ
మీరు ఏ తప్పూ చేయలేదు. అది దాని ఆయుష్షు నిండా బతికింది. మొదట్లో పిలకలు వదిలిందా?

పన్నెండేళ్ల_ఎదురుచూపు
నాలుగు వదిలింది. అన్నీ ఉన్నాయి.

ఆకుపులుపు
ఈ మొక్కలు ఎండలో ఎలా తట్టుకుంటాయో ఒక ముక్క చెప్తాను. మామూలు మొక్కలు పగలు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి, దాంతోపాటు నీళ్లు ఆవిరైపోతాయి. క్యాక్టస్‌లు, చాలా సక్యులెంట్లు రాత్రి చల్లబడ్డాక తెరుస్తాయి. పీల్చిన కార్బన్ డయాక్సైడ్‌ని మాలిక్ ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు తలుపులు బిగించుకుని ఆ నిల్వ వాడుకుంటాయి. రణపాల కుటుంబమైన క్రాసులేసి పేరు మీదే దీన్ని క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు. బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త రణపాల ఆకు పొద్దున్న పుల్లగా ఉండి, పగలు గడిచేకొద్దీ చప్పబడుతోందని గమనించి రాశాడు, అది 1815లో అచ్చయింది. నమిలి చూడొద్దు, ఆ జాతి మొక్కల్లో గుండె మీద పనిచేసే విషాలుంటాయి. తెల్లవారుజామున ఒక ఆకు, సాయంత్రం ఒక ఆకు నలిపి లిట్మస్ కాగితం అద్దండి, తేడా కనిపిస్తుంది. మా పిల్లలతో చేయించాను, ఆ రోజు నుంచి కుండీల కాపలా వాళ్లదే.

ముళ్లపొద
మరి క్యాక్టస్‌కి దగ్గరి చుట్టాలెవరు? ఆముదం కాదు, గన్నేరు కాదు, కలబంద కాదు.

బోటనీ_పాఠం
గంగవావిలి. నేల మీద పాకే ఆ మెత్తటి ఆకుల మొక్కే. జన్యువుల లెక్క ప్రకారం గంగవావిలి ప్రజాతి పోర్టులాకా, క్యాక్టస్‌లు చాలా దగ్గర. కాస్త దూరపు చుట్టాలు తోటకూర, కాగితంపూల తీగ. వీటన్నిటి ఎరుపు, పసుపు రంగులు బీటాలెయిన్ అనే రకానివి, బీట్‌రూట్ ఎరుపు కూడా అదే. మందారం, గులాబీల రంగు వేరే రసాయనం. క్యాక్టస్ పువ్వు రంగు అంత వింతగా మెరవడానికి అదే కారణం కావచ్చని నాకు అనిపిస్తుంది.

ఇంకో సంగతి, పెరెస్కియా అని ఆకులు, చెక్క కాండం ఉన్న క్యాక్టస్ ఉంది. చూస్తే మామూలు పొద. కానీ ప్రతి ఆకు మొదట్లో ఏరియోల్, దాంట్లోంచి ముళ్లు. ఈత రాని ఇంటివాళ్లు అన్నమాట. క్యాక్టస్ కుటుంబం పూర్వం ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే దాన్ని చూడాలి.

ఎండపొడ
పుట్టిల్లు ఒక గుర్తు. సహజంగా పెరిగే క్యాక్టస్‌లన్నీ అమెరికా ఖండాలవే. ఒకే ఒక్క మినహాయింపు రిప్సాలిస్ బాక్సిఫెరా, అది ఆఫ్రికా, మడగాస్కర్, శ్రీలంకల్లో కూడా పెరుగుతుంది. "ఆఫ్రికన్ క్యాక్టస్" అని ఎవరైనా అమ్మితే అది దాదాపుగా యుఫోర్బియానే.

చంద్రిక_పెరడు
ఎర్రటి బంతి తల, కింద పచ్చ కాండం ఉండే క్యాక్టస్ ఒకటి కొన్నాను. రెండేళ్లకి ఎర్ర తల వడిలిపోయింది. అది కూడా నా నీళ్ల వల్లేనా?

విత్తునుంచి
కాకపోవచ్చు. అది రెండు మొక్కలు. పైది జిమ్నోకాలీసియం అనే క్యాక్టస్, దానికి పత్రహరితమే లేదు, సొంతంగా ఎక్కువ కాలం బతకలేదు. కింద అంటుకట్టిన పచ్చ కాండం డ్రాగన్ ఫ్రూట్ జాతి తీగది. కిందది వేగంగా పెరుగుతుంది, పైదానికి ఆహారం అది పెట్టాల్సిందే. జత ఎక్కువ కాలం కుదరదు. బతికించుకోవాలంటే ఎర్ర బంతిని కొత్త కాండం మీదకి మార్చి అంటుకట్టాలి.

గన్నేరుపువ్వు
అమ్మేవాళ్ల మోసం ఒకటి చెప్పాలి. పువ్వుతో ఉన్న క్యాక్టస్ అని తెచ్చాను. రెండు నెలలైనా పువ్వు వాడలేదు, ముట్టుకుంటే గరగరలాడింది. చూస్తే జిగురుతో అంటించిన ఎండుపువ్వు. ఊడదీస్తే కింద కణజాలం కాలిపోయి మచ్చ. పెరిగే మొన మీదే అంటించారు, ఇక అది పైకి పెరగదు. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. క్యాక్టస్ పువ్వు ఎక్కువగా ఒకటి నుంచి కొద్ది రోజులే ఉంటుంది. నెలల తరబడి వాడని పువ్వు ఉంటే కొనకండి. రంగు పూసిన సక్యులెంట్లు కూడా అంతే, ఆకుకి ఊపిరి ఆడదు.

ఎండపొడ
కొనేటప్పుడు విత్తనం నుంచో పిలక నుంచో పెంచినదా అని కూడా అడగండి. 2015లో వచ్చిన లెక్కలో 1,478 క్యాక్టస్ జాతుల్ని పరిశీలిస్తే 31 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. అడవి నుంచి పెరికి తేవడం దానికి పెద్ద కారణాల్లో ఒకటి. సోనోరన్ ఎడారిలో (అమెరికా, మెక్సికో సరిహద్దు వైపు) పెరిగే పెద్ద స్తంభం లాంటి క్యాక్టస్ సగ్వారోకి మొదటి చెయ్యి, అంటే పక్క కొమ్మ, రావడానికే 50 ఏళ్లకి పైన పడుతుంది. అలాంటిది పెరికితే తిరిగి రావడం మన జీవితకాలంలో జరిగే పని కాదు.

మేడమీద_మొక్కలు
రెండు రోజులు భూతద్దం పట్టుకుని 14 కుండీలూ చూశాను. క్యాక్టస్ అనుకున్నవి ఎనిమిది. ఏరియోల్ దొరికినవి ఐదే. రెండు యుఫోర్బియాలు. ఇంకోదానికి ముళ్లు మూడేసి గుంపుగా, పైన కొబ్బరి మొవ్వులా ఆకులున్నాయి. మిగతావాటిలో ఎప్పుడూ క్యాక్టస్ అనుకోనిది ఒకటి, వేలాడే పచ్చ దారాల గుత్తి లాంటిది, దానికి చుక్కల్లాంటి ఏరియోళ్లు కనిపించాయి! అది ఎండపొడ గారు చెప్పిన రిప్సాలిసా?

ఎండపొడ
అయ్యుండాలి. ముత్యాల్లాంటి తెల్ల కాయలు కాస్తే ఇక అనుమానం లేదు. ఎండలో ఉంటే నీడకి మార్చండి.

బోటనీ_పాఠం
మూడేసి ముళ్లు, పైన ఆకుల గొడుగు అంటే పాకీపోడియం, మడగాస్కర్‌ది. గన్నేరు కుటుంబం, రసం జాగ్రత్త.

మేడమీద_మొక్కలు
మార్చేశాను. అన్నిటికీ కొత్త లేబుళ్లు రాస్తున్నాను, పాలు ఉన్నవాటికి ఎర్ర సిరాతో. ఒక్కటే తేలలేదు. నాలుగు పలకల మెత్తటి కాండం, మఖమల్ గుడ్డలా నూగు, అంచున పళ్లలా ఉన్నా గుచ్చుకోవు. ఏరియోల్ లేదు. సూదితో గుచ్చితే పాలు కూడా రాలేదు, నీళ్లలాంటి రసమే. మొదట్లో ఒక మొగ్గ బుడగలా ఉబ్బుతోంది.

రాతిపువ్వు
స్టపీలియా! మన జిల్లేడు చుట్టం. పువ్వు నక్షత్రంలా, అరచేతిని మించి విచ్చుకుంటుంది. కుళ్లిన మాంసం వాసన వస్తుంది, ఈగలు మూగుతాయి. మొక్క చచ్చిందనుకుని పారేయకండి, పరాగం మోసేది ఆ ఈగలే. మొగ్గ చీలడం మొదలైన రోజు కుండీని కిటికీ దగ్గర నుంచి బయటికి జరపండి.

మేడమీద_మొక్కలు
బయటికే జరిపాను. విచ్చుకోగానే ఫొటో పెడతాను.